దింపి దయచేయుడు

మన భాషలో 'దయచేయండి' అను మాట ఒక్కటియే రమ్మనుటకును పొమ్మనుటకును సరిపోవుచుండుట చిన్ననాట నాకు వింతగా తోచెడిది. గుమ్మము ముందు నిలిచిన వియ్యంకుని లోపలికి పిలుచుచు 'దయచేయండి' అనిన మా తండ్రిగారే, మూడవమారు అప్పునకు వచ్చిన పెద్దమనిషికి వాకిలి చూపుచు గూడ 'దయచేయండి' అనెడివారు. కంఠస్వరమును బట్టియు కనుబొమల కదలికను బట్టియు ఏది యేదో వచ్చినవాడు గ్రహించుకొనవలసినదే. అయినను ఒకే ఊపిరిలో ఒకే మనిషిని రమ్మనియు పొమ్మనియు అనగల విద్య ఆ కాలమువారికి అలవడలేదు. ఆ విద్య యొక్క సంపూర్ణ వైభవమును చూచుటకు నేను డెబ్బది రెండేండ్లు బ్రతికి, హైదరాబాదు పడమటి కొసన నల్లగండ్ల వైపు వెలసిన ఒక అపార్టుమెంటు సముదాయమునకు, నా మనుమరాలి స్నేహితురాలి ఆరవ పుట్టినరోజు పండుగకు పోవలసివచ్చినది.

ఆహ్వానము వాట్సాపున వచ్చినది. గులాబిరంగు మేఘము మీద ఒంటికొమ్ము గుఱ్ఱమొకటి రెక్కలార్చుచుండ, దాని డెక్కల క్రింద బిడ్డ పేరు తళతళలాడుచుండ, ఆ పేరునకు దిగువను తేదియు క్లబ్బు హౌసు చిరునామాయు, వాటికిని దిగువను, మందుసీసాల మీద గడువు తేది అచ్చువేయునంతటి సన్నని అక్షరములలో 'డ్రాప్ ఆఫ్ 4, పికప్ 7' అను శాసనమును ఉండెను. అర్థము కాక కోడలి నడిగితిని. "పిల్లని దింపేసి వచ్చెయ్యాలి మావయ్యా, పెద్దవాళ్ళు ఉండకూడదు" అని ఆమె చెప్పినది. "పిలిచి, ఉండవద్దనడమేమిటమ్మా?" అంటిని. "మనల్ని పిలవలేదు మావయ్యా, పాపని పిలిచారు" అని బదులిచ్చి, కుక్కరు మూడవకూత విని వంటింటిలోనికి పోయినది.

ఆ మాటను చాలసేపు నెమరువేసికొంటిని. మా కాలపు శుభలేఖలలో 'సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి' అను సమాసమొకటి ఉండెడిది. అది కవిగారి అలంకారమని మా ఊరివారెవరును పొరబడలేదు. చదివినవారు చదివినట్లే సకుటుంబముగాను, సపరివారముగాను, బండి తోలిన పాలేరుతోను, బండి వెనుక నడచివచ్చిన కుక్కతోను గూడ వచ్చెడివారు. ఇప్పటి ఆహ్వానమందు కుటుంబము పోయి, పరివారము పోయి, 'సమేతము' అను ముక్క మాత్రము కారు నడుపువాని రూపమున గేటు వద్ద మిగిలినది.

పల్లెలో పుట్టినరోజు పండుగ తిథిని బట్టి వచ్చెడిది. తెల్లవారుజామున తలంటు, కొత్తబట్ట కొసకు పసుపు, పెద్దల కాళ్ళకు మ్రొక్కి వేయించుకొను అక్షతలు, నువ్వులును బెల్లమును కలిపిన పాలను అరదోసిలి త్రాగించి మార్కండేయునంతటి ఆయువు కోరుట, మధ్యాహ్నము పరమాన్నము, అంతటితో సరి. అధికమాసమున పుట్టిన మా చిన్నాన్నకు ఈ పండుగ ఎప్పుడు చేయవలెనను విషయమున ఇద్దరు పురోహితులు జీవితాంతము మాటలాడుకొనలేదు. అది వేరు కథ. ఆ పండుగకు పిలుపులే లేవు గనుక ఉండవలెనా పోవలెనా అను ధర్మసందేహమును లేదు. అట్లని దీపమార్పుట అశుభమని, కొవ్వొత్తి ఊదుట పరాచారమని ప్రతి ఉదయము నా ఫోనుకు బోధలు పంపువారితో నాకు పొత్తు లేదు. బిడ్డలు కేకు కోసికొన్న నాకును ముచ్చటయే. అయితే అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయమువారు, కొవ్వొత్తుల నూదుటవలన కేకుపై పూతయందు సూక్ష్మజీవులు సగటున 1400 శాతము పెరిగినవని 2017లో ప్రకటించిన పిదప, ఆ ముక్కను వద్దనుటకు నాకు చక్కెర వ్యాధి గాక మరియొక సాకు దొరకినదనుట నిజము.

పిల్లలు పెద్దల తోడు లేకుండ పోవుట మాకు కొత్తయు కాదు. భోగినాటి సాయంకాలము ఎవరియింటనో పసిబిడ్డకు రేగుపండ్లును చెఱకుముక్కలును చిల్లర డబ్బులును కలిపి తలమీదుగా పోయుచుండగా, క్రిందపడిన కానులకై ఆ చాపమీద పొర్లాడిన పదునేనుగురు పిల్లలను ఎవరు దింపిరో, ఎవరు తీసికొనిపోవుదురో అడిగినవారు లేరు. మేమే పోయితిమి, మేమే వచ్చితిమి, దారిలో ఒకరినొకరు కొట్టుకొంటిమి. ఆ సంగతికి ఎవరును ఒక పేరు పెట్టలేదు. ఇప్పుడు దానికి పేరు పెట్టినారు, ఆ పేరు స్వావలంబనము.

ఆహ్వానము వచ్చిన వారమంతయు తల్లుల వాట్సాపు సమూహమున వాదోపవాదములు చెలరేగినవని మా కోడలు చదివి వినిపించుచుండెడిది. బిడ్డను దింపి పోవలెననువారు దింపువాదులు, కడదాక నిలువవలెననువారు నిలుపువాదులు. ద్వైతులకును అద్వైతులకును గూడ ఇంత పట్టుదల ఉండియుండదు. తల్లి ఎదుటనున్నంతకాలము బిడ్డ స్వేచ్ఛగా మాటలాడదనియు, మూడు గంటల ఎడబాటువలన ఆత్మవిశ్వాసము మొలకెత్తుననియు, విదేశములందు ఇదియే రివాజనియు దింపువాదులు దండిగా వ్రాసిరి. అందరికన్న పెద్ద వ్యాసము వ్రాసిన తల్లిని నేను ఎరుగుదును. మా మెట్లకు ఎదుటి ఇల్లే. ఆమె కుమారునకు ఏడవయేడు నడచుచున్నది. ఉదయము ఏడున్నరకు ఆ పిల్లవాడు కుర్చీలో కూర్చుండి ఫోనులో బొమ్మల కథ చూచుచుండగా తల్లి ఇడ్లీముక్క నోటికందించును, నాయనమ్మ మేజోడు తొడుగును, తండ్రి పుస్తకముల సంచిని తన భుజమున వేసికొని బస్సువరకు మోసికొనిపోవును. వాని మణికట్టున గడియారమువంటి యంత్రమొకటి యున్నది; వాడు బి బ్లాకు దాటి ఏ బ్లాకునకు పోయినచో తల్లి ఫోను గీపెట్టును. క్రింద అంగడికిపోయి పెరుగు ప్యాకెట్టు తెమ్మని వానినెవరును ఇంతవరకు పంపలేదు. ఇట్టి సుకుమారునకు స్వావలంబనము శనివారము నాలుగు మొదలు ఏడు వరకు, పరుల క్లబ్బు హౌసులో మాత్రము, గంట కొట్టినట్లు ప్రాప్తించి, ఏడుంబావునకు కారెక్కగానే అంతరించును. ఇంత నియమముగా వచ్చిపోవు గుణమును నేను మలేరియా జ్వరమునందు తప్ప చూడలేదు.

శనివారమునాడు కొడుకునకు ఆఫీసు పిలుపు, కోడలికి తలనొప్పి. కావున దింపు భారము నాపై పడినది. క్లబ్బు హౌసు ద్వారమున రంగురంగుల బెలూన్ల తోరణము. దాని క్రింద నల్లచొక్కా తొడిగిన ఈవెంటు వారి అమ్మాయి ఒకతె, మనుమరాలి చేతికి నీలిరంగు కాగితపు పట్టీ చుట్టి, జాబితాలో టిక్కు పెట్టుకొని, నావైపు ఎంతో మర్యాదగా చూచి, "మీరు వెళ్ళొచ్చు అంకుల్" అన్నది. ఎచటికి పోదును? ఇంటికి ఆటోలో పోవుటకు ముప్పావుగంట, వచ్చుటకు ముప్పావుగంట. మిగిలిన గంటన్నరకై రెండు ఆటోల డబ్బులు. ద్వారము వెలుపల కాపలావాని ప్లాస్టికు కుర్చీ ఖాళీగా నుండగా దానిమీద కూర్చుంటిని.

ప్రక్కనే క్యాటరింగు కుఱ్ఱవాడు డేకిసాలు దింపించుచు కాగితము చూచి లెక్క సరిచూచుకొనుచుండెను. ఉబుసుపోక మాట కలిపితిని. "పిల్లల ప్లేట్లు ముప్పై, పెద్దవాళ్ళవి పన్నెండు సార్. పెద్ద ప్లేటు రేటు డబుల్. పన్నెండు దాటితే ఎక్‌స్ట్రా, ముందే చెప్పేశాం మేడమ్‌గారికి" అని వాడు చెప్పినప్పుడు, వారము దినములుగా సమూహమున సాగిన శిశుమనస్తత్త్వ శాస్త్రచర్చ యంతయు నాకు రెండు వాక్యములలో బోధపడినది. ముప్పదిమంది బిడ్డలకు తల్లి యొకతె చొప్పున నిలిచినచో ముప్పది పెద్ద ప్లేట్లు. తండ్రులు గూడ నిలిచినచో అరువది. చంకనున్న తమ్ముడును చేయిపట్టుకొన్న అక్కయు కలిసినచో ఎక్కము మరింత పైకి పోవును. స్వావలంబనము మొలకెత్తిన నేల యేదో కనుగొంటిని. అది ఆ డేకిసాల మధ్యనున్నది.

ఇందులో సిగ్గుపడవలసిన దేమియు లేదు, అదియే నా విచారము. ఇల్లు కొన్న అప్పునకు నెలనెల వాయిదా కట్టుకొనువాడు, బడి ఫీజులు కట్టుకొనువాడు, తొంబదిమందికి విందు పెట్టలేననినచో ఎవరు తప్పుపట్టుదురు? 'అమ్మా, మేము పిల్లలవరకే ఏర్పాటు చేసికొంటిమి, ఏమీ అనుకొనవలదు' అని ఒక్క ముక్క అనియున్నచో తల్లులు నవ్వి, దింపి, హాయిగా ఎక్కడనో కాఫీ త్రాగియుండెడివారు. కాని ప్లేటు లెక్క చెప్పినచో లేమి అనుకొందురని భయము. బాలవికాసమని చెప్పినచో పాండిత్యము అనుకొందురని ఆశ. ఆ బెలూన్ల తోరణమునకును, మనిషెత్తు థర్మోకోలు అక్షరములకును, ఎలుగుబంటి వేషమువానికిని అయిన సొమ్ములో సగముతో ముప్పదిమంది తల్లులకు ఉప్మాయు కాఫీయు పెట్టవచ్చును. కాని ఉప్మా ఫోటోలో పడదు. తోరణము పడును.

దింపువాదుల నింత అనినందున నిలుపువాదులు నన్ను తమవానిగా భావింపకుందురు గాక. మునుపటి నెల ఒక ప్లే జోనులో జరిగిన పండుగలో వీరిని గూడ చూచితిని. బిడ్డ భద్రతకై నిలిచిన పదునాలుగుగురు తల్లిదండ్రులు గోడవారగా వరుసగా కూర్చుండి, తలలు వంచి, ఫోనులయందు దృష్టి నిలిపి, ఋష్యాశ్రమమునందువలె నిశ్చలముగా నుండిరి. వారి బిడ్డలు ఆ గోడ అవతల ఒకరి జుట్టు ఒకరు పీకుకొనుచుండిరి. పిజ్జా వచ్చిన వాసనకు మాత్రము ధ్యానభంగమైనది. మరియొకరు పిలిచిన బిడ్డను గాక ఆమె తమ్ముని, పినతల్లి కొడుకును, ఊరినుండి వచ్చిన అత్తగారిని వెంటబెట్టుకొని వచ్చి, "వీడు ఒక్కడే ఉండడండీ ఇంట్లో" అని చిరునవ్వు నవ్వినారు. అరణ్యవాసమందున్న పాండవులకడకు, ద్రౌపది భోజనము ముగించి అక్షయపాత్ర కడిగిన పిదప, పదివేలమంది శిష్యులతో దుర్వాసుడు వేంచేసి నదికి స్నానమునకు పోయిన ఘట్టము నాకు స్మరణకు వచ్చినది. ద్రౌపదికి శ్రీకృష్ణుడు వచ్చి పాత్ర అంచున మిగిలిన మెతుకుతో గండము గడపెను. ఇప్పటి ఇల్లాలికి అట్టి బంధువు లేడు. ఆమెకున్నది క్యాటరింగు కుఱ్ఱవాడు, వాడు మెతుకునకు గూడ ఎక్‌స్ట్రా వేయును. అందుచేత ఆమె 'డ్రాప్ ఆఫ్' అని వ్రాసినచో ఆ చేతిని నేను పూర్తిగా నిందింపలేను.

విదేశములందు ఇదియే రివాజను మాట నిజమే, సగము నిజము. టెక్సాసున డాలస్ దాపున మా తమ్ముని కుమార్తె కాపురమున్నది. అచట నాలుగు మాసములుండి ఆ తంతు కన్నులార చూచితిని. అయిదారేండ్లు వచ్చువరకు బిడ్డతో తల్లియో తండ్రియో నిలుతురు. పిదప దింపి పోవుదురు. కాని దింపుటకు ముందు వత్తుమో రామో ఖాయముగా తెలుపుదురు. దింపునప్పుడు ఫోను నంబరిత్తురు. బిడ్డకు వేరుసెనగ పడదనినచో ఆ సంగతి ముఖాముఖి చెప్పి, ఊపిరాడనిచో తొడలో పొడువవలసిన ఎపిపెన్ను సంచిలో ఏ అరలో నున్నదో చూపి మరి పోవుదురు. గెంతులాడు ట్రాంపొలిన్ పార్కైనచో కాలుసేతులు విరిగిన పూచీ ఎవరిదో తేల్చు కాగితముపై సంతకము చేయుదురు. పిలిచినవారును ఇందరు బిడ్డలకు ఇందరు పెద్దలని స్నేహితులను ముందుగా కుదుర్చుకొందురు. మనవారు ఈ సరంజామా యంతయు విమానాశ్రయమున విడిచి, 'డ్రాప్ ఆఫ్' అను పేరొక్కటి చేతిసంచిలో వేసికొని దిగిరి.

ఆ మాటకు వచ్చిన కేకు కోయునప్పుడు లోకమంతయు పాడు పాట చరిత్ర దింపువాదులకు ఇంకను తెలియదు. తెలిసినచో దానిని గూడ ప్రమాణముగా చూపుదురు. కెంటకీ రాష్ట్రమున లూయివిల్ పట్టణమందు పసిపిల్లల బడి నడపిన ప్యాటీ హిల్, ఆమె అక్క మిల్‌డ్రెడ్ హిల్ కూర్చగా 1893లో అచ్చయిన ఆ బాణీ మొదట పుట్టినరోజు పాట కానేకాదు. ఉదయము బడికి వచ్చిన పిల్లలకు పంతులమ్మ శుభోదయము చెప్పు పాట. అనగా తల్లులు దింపి పోయిన పిదప పుట్టిన పాట. తరువాత దానికి పుట్టినరోజు మాటలు తగులుకొన్నవి. ఆ మాటలు మావని ఒక సంగీత వ్యాపారసంస్థ ఏండ్ల తరబడి సినిమాలవారికడ సుంకము పుచ్చుకొని, తుదకు కోర్టులో ఓడి, 2016లో 1 కోటి 40 లక్షల డాలర్లకు రాజీపడినది. పాటకే తలకింతయని లెక్కగట్టిన లోకమున ప్లేటుకు లెక్కగట్టుట వింత కాదు. ఆ సంస్థ మాత్రము తన వసూలునకు బాలవికాసమని పేరు పెట్టినట్లు నేను వినలేదు.

ఇక నా కుర్చీ సంగతి. అయిదు గంటలు కావచ్చినది. లోపల యాంకరు పిల్లవాడు మైకున అరచుచుండెను; ఆతిథేయురాలు ఫోటోగ్రాఫరు చెప్పిన చోటనెల్ల నిలుచుచుండెను; ఆమె భర్త కేకు తెచ్చువాడు దారి తప్పినందున వానితో ఫోనులో కొట్లాడుచుండెను. ముప్పదిమంది స్వావలంబులలో ఒకడు, ఎన్నడును చూడని బుడుతడు, రెండుకాళ్ళు దగ్గర చేర్చి గెంతుచు నా యెదుటికి వచ్చి, "తాతా, హుక్కు రావట్లేదు" అన్నాడు. నిక్కరు నడుమున బొత్తము గాక ఇనుప కొక్కెము. అది నాకును అంత తేలికగా రాలేదు. వచ్చునప్పటికి కొంత ఆలస్యమైనది, అంతకన్న చెప్పనక్కరలేదు. వానిని కడిగించి తీసికొనివచ్చునప్పటికి మరి ఇద్దరు వరుసలో నిలిచియుండిరి. ఒక పాప చెప్పుల గుట్టలో ఒంటి చెప్పు దొరకక ఏడ్చుచుండెను. మరియొకతె తన నీటిసీసా మూత తీసిపెట్టుమనెను. తీసినంతనే వెనుకనుండి ఇంకొక సీసా వచ్చినది, దానివెనుక మరియొకటి. పైకి లేచు బెలూన్లలో, హీలియము ఖరీదు గనుక, మన బజారున ఉదజని నింపుట కద్దు. అది నిప్పు సోకిన భగ్గుమనును. కృత్రిమ హిమము చల్లు డబ్బాలోని వాయువును మండునదే. ఒక చేత ఆ డబ్బాయు, ఒక చేత బెలూను దారమును పట్టి కొవ్వొత్తులవైపు పరుగెత్తుచున్న ఎనిమిదేండ్ల వీరుని చొక్కా పట్టి ఆపితిని. వాడు నన్నొక దుష్టుని చూచినట్లు చూచెను. ఆ సాయంకాలపు స్వావలంబనమంతయు కాపలావాని కుర్చీకి ఆనుకొని నిలిచినదని నాకు తప్ప ఎవరికిని తెలియదు. ఆ కుర్చీకి నాలుగు కాళ్ళలో ఒకటి విరిగి తాడుతో కట్టియుండెను.

ఆరింటికి లోపలనుండి జరీ అంచు నేతచీర కట్టిన పెద్దామె యొకరు, ఆతిథేయురాలి అత్తగారు కాబోలు, మెల్లగా బయటికి వచ్చి, అటునిటు చూచి, కొంగుచాటునుండి చిన్న స్టీలు డబ్బా తీసి నా చేతిలో పెట్టిరి. "పొద్దున నైవేద్యానికి చేశానన్నయ్యగారూ. వాళ్ళ ప్లేట్ల లెక్కలోది కాదు లెండి, మొహమాటపడకండి" అనిరి. పరమాన్నము. చక్కెర వ్యాధి సంగతి ఆ క్షణమున నాకు జ్ఞాపకమునకు రాలేదు. ఆమెయు మెట్టుమీద కూర్చుండి, తాము గుంటూరు జిల్లా వారమనియు, మనుమరాలికి తిథి ప్రకారము పుట్టినరోజు పోయినవారమే వెళ్ళిపోయినదనియు, ఆనాడు ఎవరికిని తీరిక లేదనియు చెప్పిరి. ఇంతలో నల్లచొక్కా అమ్మాయి వచ్చి, "ఆంటీ, మీరు లోపలుండాలి, ఫ్యామిలీ ఫోటో" అని ఆమెను తీసికొనిపోయినది.

ఏడింటికి కార్లు వరుసగా వచ్చినవి. కొక్కెపు నిక్కరువాని తల్లి వానిని ఎత్తి ముద్దాడి, "చూశావా, అమ్మ లేకుండా అన్నీ నువ్వే చేసుకున్నావు!" అనెను. వాడు నావైపు చూచి, ఏమియు అనక, రిటర్ను గిఫ్టు సంచిలోనికి తల దూర్చెను. వాడు పైకి వచ్చునని నాకు నమ్మకము కలిగినది.

వచ్చెడి నెలలో మా మనుమరాలి పుట్టినరోజు. ఈ పర్యాయము ఆహ్వానము చక్కని తెలుగున నుండవలెనని కొడుకు కోరగా నేను వ్రాసిచ్చితిని. సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేయవలసినదనియే వ్రాసితిని. కోడలు దానిని రెండుమార్లు చదివినది. తరువాత తన ఫోనులో ఏదో కూడినది, తీసివేసినది, మరల కూడినది. "చాలా బావుంది మావయ్యా" అని, కొంత తడవు ఆగి, "ఆ 'సపరివార' ఒక్కటీ తీసేద్దామా?" అన్నది. సరేనంటిని. మరునాటి ఉదయము కాఫీ గ్లాసు నా చేతికందించుచు, 'సకుటుంబ' అనగా ఖచ్చితముగా ఎందరని అడిగినది.